వంతెన మీద దూలం ఎత్తించిన మెన్సియా

మెన్సియా పుట్టింటికీ అత్తింటికీ మధ్య దూరం గట్టిగా నడిస్తే పావుగంట. కాని నడుమ ఒక వాగు ఉంది. వాగు మీద రాతి వంతెన, ఆ వంతెన నడిమధ్యన అడ్డంగా ఒక లావుపాటి దూలం. దూలానికి ఇవతల ఉన్న తోర్రెసెకా ఊరు కాస్తీల్ రాజ్యంలోది. అవతల ఉన్న మోన్‌ఫ్రియో అరగాన్ రాజ్యంలోది. కూర వండితే వాసన దూలం దాటేది, పెళ్ళి బాజా దాటేది, తిట్లయితే రోజూ దాటేవి. గోధుమ గింజ మాత్రం దాటకూడదు. పశువులూ దాటకూడదు. రెండు వందల ఏళ్ళుగా అదే చట్టం.

మెన్సియా తండ్రి తోరిబియోకి ఎనిమిది కంచరగాడిదలు ఉండేవి. వాటి మీద ఉన్నీ, ద్రాక్షసారా తిత్తులు, శనగలు కట్టుకుని కాస్తీల్ అంతా తిరిగేవాడు. మెన్సియాకి పద్నాలుగేళ్ళప్పుడు ఆ దారుల్లో ఒక వింత జరిగింది. అరగాన్ యువరాజు కంచరగాడిదలు తోలే కూలివాడి వేషం వేసుకుని సరిహద్దు దాటి, దారి పొడుగునా తోటివాళ్ళకి అన్నం వడ్డించి, పశువులకి మేత వేసి, చివరికి వయ్యదొలీద్ చేరి కాస్తీల్ యువరాణిని పెళ్ళి చేసుకున్నాడన్న కబురు గుప్పుమంది. ఆ ఏడాది చలికాలమంతా కంచరగాడిదలున్న ప్రతివాడూ ఆ కుర్రాడు తన వెంటే నడిచాడని ఒట్టు వేసి చెప్పాడు. తోరిబియో కూడా తక్కువ తినలేదు.

"సత్రంలో నా పక్కనే కూర్చున్నాడు. సన్నగా, తెల్లగా ఉన్నాడు. మేత బుట్ట ఎత్తమంటే తలకిందులుగా ఎత్తాడు. అప్పుడే అనుకున్నా, వీడు కూలివాడు కాదని!" అన్నాడు పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని.

"నీ బూట్లకి బురద కూడా తుడిచాడని చెప్పు అన్నయ్యా, ఇంకా బాగుంటుంది" అంది మెన్సియా మేనత్త, వెల్లుల్లి వొలుస్తూ.

మెన్సియా మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు మెరిశాయి. "అయితే నాన్నా, వాళ్ళిద్దరూ రాజూ రాణీ అయితే ఆ దూలం తీసేస్తారుగా?" అని అడిగింది.

"తీసేయక! మొగుడి కొంపకీ పెళ్ళాం కొంపకీ మధ్య అడ్డం పెట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు తండ్రి.

ఆ మాట ఆమె గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం మీదే ఆరేళ్ళ తర్వాత మోన్‌ఫ్రియోలో ఉన్ని మోసే షిమెనోని పెళ్ళి చేసుకుంది. షిమెనో మాట తక్కువ మనిషి. ఒక పని పట్టాడంటే వదలడు. అరగాన్ వాళ్ళంతా మొండిఘటాలని తోర్రెసెకా వాళ్ళు అనేవారు. కాస్తీల్ వాళ్ళంతా నోటితో కోటలు కడతారని మోన్‌ఫ్రియో వాళ్ళు అనేవారు. పెళ్ళినాడు మెన్సియా తనకి ఇష్టమైన ఆడ కంచరగాడిద గొలోసా మీద ఎక్కి వంతెన దాటబోయింది. కాస్తీల్ వైపు కాపలా అధికారి బెర్మూదో చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెళ్ళికూతురు వెళ్ళొచ్చు. గాడిద ఆగాలి."

"ఇది నాతో పెరిగింది దొరా!"

"నేనూ మా అమ్మతో పెరిగాను. ఆవిణ్ణి ఇక్కడికి తెచ్చుకున్నానా? దిగు."

దిగింది. కాని గొలోసా కదలలేదు. వంతెన మీదే నాలుగు కాళ్ళూ మడుచుకుని కూలబడి, ఊళ్ళు రెండూ దద్దరిల్లేలా ఓండ్రపెట్టింది. నలుగురు మనుషులు తోక పట్టి వెనక్కి లాగితే గాని అది కాస్తీల్‌లో ఉండిపోవడానికి ఒప్పుకోలేదు. పెళ్ళివారంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. మెన్సియా ముసుగు చాటున పళ్ళు కొరుక్కుంది.

ఏడాది తిరగకుండానే తోరిబియో కొండదారిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి పశువుల పని మెన్సియా మీద పడింది. పొద్దున్నే అరగాన్‌లో లేచి, వంతెన దాటి, కాస్తీల్‌లో గాడిదల వీపుల మీద బరువులాపే గంతలు బిగించి, బరువులు ఎక్కించి ప్రయాణం కట్టేది. ఆడమనిషి పశువులు తోలడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళు, ఆమె ముడి వేస్తే కొండ దిగినా గాడిద మీది పెరిక మూట జారదని తెలిశాక ఆ వేలు తీసి పెరికలు అప్పజెప్పారు. పోర్చుగల్ రాజుతో యుద్ధం వచ్చిన ఏడాది తోరో కోట చుట్టూ దిగిన కాస్తీల్ సైన్యానికి పిండి మోసింది. బాణాలు పడే చోటికి పావుకోసు దూరంలో ఉన్న రొట్టెల పొయ్యి దాకా వెళ్ళివచ్చింది. వచ్చాక వారంపాటు ఊళ్ళో ఆవిడ కబుర్లే.

అరగాన్‌లో ముసలి రాజు పోయాడు. కొడుకు రాజయ్యాడు. అంటే అప్పటికే కాస్తీల్ రాణి అయిన యువరాణి మొగుడే ఇప్పుడు అరగాన్ రాజు. రెండు ఊళ్ళలోనూ గంటలు మోగించారు. మెన్సియా వంతెన మీదికి పరుగెత్తింది. దూలం అక్కడే ఉంది. బెర్మూదో దాని మీద మోచెయ్యి ఆనించి ఉల్లిపాయ తింటున్నాడు.

"ఏం పిల్లా, అలా వగరుస్తున్నావు?"

"రాజూ రాణీ ఒకే మంచం మీద పడుకుంటున్నారు, ఇంకా ఈ కర్ర దేనికి దొరా?"

"మంచం వాళ్ళది. వంతెన నాది" అన్నాడతను.

ఆ వేసవిలోనే మోన్‌ఫ్రియో మీద వడగళ్ళు పడ్డాయి. కోతకి మూడు రోజులుందనగా ఒక్క గంటలో చేలన్నీ నేలకి పరుచుకుపోయాయి. చిత్రమేమిటంటే వాగు దాటి ఒక్క రాయి పడలేదు. తోర్రెసెకాలో గాదెలు నిండాయి. మోన్‌ఫ్రియోలో చలికాలం వచ్చేసరికి అడవిలో ఓక్ చెట్ల కాయలు ఏరి, దంచి రొట్టె చేసుకోవడం మొదలైంది. వసంతం నాటికి ఆ కాయలూ కరువయ్యాయి. మెన్సియా అత్తగారు గ్రాసియా తన వంతు రొట్టె మూడేళ్ళ మనవరాలి పళ్ళెంలోకి జరిపి, "నాకు అరగలేదే అమ్మాయ్, పొద్దుటి నుంచీ తేనుపులు" అనేది. పొద్దుటి నుంచీ ఆవిడ తిన్నది ఏమీ లేదని ఇంట్లో అందరికీ తెలుసు. మెన్సియా పుట్టింటి నుంచి పావడా కింద రొట్టెలు కట్టుకుని తెచ్చేది. దొరికినప్పుడల్లా బెర్మూదో వాటిని తీసి వాగులో చేపలకి వేసేవాడు. "చట్టం అమ్మా, నా కడుపు మంట కాదు" అనేవాడు.

జూన్ నెలలో ఒక బుధవారం పొద్దున ఉన్ని వ్యాపారి ఒకడు తోర్రెసెకాలో దిగి, గుర్రానికి నీళ్ళు పెట్టిస్తూ మామూలుగా ఒక మాట అన్నాడు. "టొలేడోలో పెద్ద సభ జరిగింది. ఇక నుంచి కాస్తీల్ ధాన్యం, పశువులు, సరుకులు అరగాన్‌కి పోవచ్చని రాజూ రాణీ చట్టం చేశారు. మీకింకా తెలీదా?"

మెన్సియా చేతిలోని గంత కింద పడింది. "ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి. మెల్లిగా చెప్పండి!"

అతను మళ్ళీ చెప్పాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ వంతెన దాకా తీసుకెళ్ళి బెర్మూదో ముందు మూడోసారి చెప్పించింది. బెర్మూదో ముఖం చిట్లించాడు.

"కాగితం ఏది?"

"ఈయన చెవులారా విన్నాడుగా!"

"చెవుల మీద ముద్ర ఉండదు. నోటిమాటకి దూలం ఎత్తితే రేపు నన్ను ఉరికంబం ఎక్కిస్తారు. ముద్ర వేసిన కాగితం తీసుకురా, నా ఈ చేతుల్తో నేనే ఎత్తుతా. ఇదిగో, ఇంతమంది ముందు చెబుతున్నా."

అప్పటికే అవతలి ఒడ్డున మనుషులు గుమిగూడారు. కబురు వాగు దాటింది. ధాన్యం మనకి హక్కయిందట, ఇంకా ఆపుతున్నారట అన్న మాట నోటికొక రంగు పూసుకుంది. మధ్యాహ్నానికి మోన్‌ఫ్రియో మగవాళ్ళు కొడవళ్ళు నూరుకోవడం మొదలుపెట్టారు. ఇవతల బెర్మూదో విలుకాళ్ళని పిలిపించాడు. అవతలి గుంపులో ముందు వరసలో ఎవరున్నారో మెన్సియా చూసింది. షిమెనో.

ఆమె నేరుగా వెళ్ళి అతని కొడవలి పట్టుకుంది. "ఏమయ్యా, నీకు మతి పోయిందా? అటు విల్లు పట్టుకున్నవాళ్ళలో ఇద్దరు నా మేనత్త కొడుకులు!"

"అయితే వాళ్ళని గురి తప్పమని చెప్పు" అన్నాడు షిమెనో. "మా అమ్మ నిన్న నిలబడలేకపోయింది మెన్సియా."

"చూశాను. నాకు సోరియా పట్నం వెళ్ళి రావడానికి గడువివ్వు. ఆ సభ కాగితం అక్కడుంటుంది."

"సోరియా రెండు రోజుల దారి. పోవడానికి రెండు, రావడానికి రెండు."

"అది బరువుతో. ఒంటిగా పోతే వేరు. శనివారం మధ్యాహ్నం గంట మోగేదాకా ఎవరూ వంతెన ఎక్కొద్దు. రాకపోతే మీ ఇష్టం."

షిమెనో వెనక్కి తిరిగి గుంపుని చూశాడు. "శనివారం మధ్యాహ్నం" అన్నాడు. అతను అన్నాడంటే అంతే. కొడవళ్ళు కిందికి దిగాయి.

గొలోసా మీద జీను కూడా సరిగా బిగించకుండానే మెన్సియా బయలుదేరింది. దాని పేరుకి అర్థమే తిండిపోతు. దారిలో ముళ్ళపొద కనిపిస్తే ఆగే రకం. ఆ రోజు మాత్రం ఏమనిపించిందో, చెవులు వెనక్కి వాల్చి పరుగు తీసింది. గాలికి తల ముసుగు ఎగిరిపోయినా మెన్సియా ఆగలేదు. "పదవే నా తల్లీ, పద! నీకు బార్లీ గాదెలో పక్క వేయిస్తా!" అని అరుస్తూ పోయింది.

సాయంత్రానికి కొండల్లో వాన కురిసి ఏరు పొంగింది. రేవు దగ్గర ఇద్దరు బాటసారులు ఒడ్డున కూర్చుని ఉన్నారు. "నీళ్ళు తగ్గేదాకా ఆగమ్మా" అన్నారు. ఆమె ఏటి వంక ఒకసారి చూసింది. పగ్గం మణికట్టుకి చుట్టుకుని దింపేసింది. నడిమికి వచ్చేసరికి నీళ్ళు గొలోసా మెడ దాకా వచ్చాయి. కాళ్ళు తేలిపోయాయి. ఒక క్షణం ఇద్దరూ దుంగల్లా కొట్టుకుపోయారు. మెన్సియా నోట్లోకి బురదనీళ్ళు పోతున్నా ఏదో తిడుతూనే ఉంది. ఆ తిట్టు గొలోసాకి అలవాటైనది కాబోలు, ఎగిరి ఒక్క తన్ను తన్ని అవతలి గట్టు పట్టుకుంది. గట్టెక్కాక చూస్తే ముందుకాలి లాడం లేదు. ఏట్లో పోయింది.

కుంటుతున్న గాడిదని నడిపించుకుంటూ చీకటి పడే వేళకి దగ్గరి ఊళ్ళో గంతలు కుట్టే యూసే ఇంటికి చేరింది. యూసే యూదుడు. తోరిబియో గంతలన్నీ ఇరవై ఏళ్ళుగా అతనే కుట్టాడు. తలుపు తీసి, నిలువునా తడిసిన ఆ మనిషిని గుర్తుపట్టడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"తోరిబియో కూతురివా? ఏరు దాటి వస్తున్నావా, ఏట్లో కాపురముండి వస్తున్నావా?"

ఆమె పళ్ళు టకటకలాడిస్తూ సంగతంతా చెప్పింది. యూసే భార్య పొడి బట్టలూ వేడి శనగల పులుసూ తెచ్చి ముందు పెట్టింది. యూసే లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి వచ్చాడు.

"మా నల్ల గాడిద ఉంది. పొట్టిది, చూడ్డానికి బాగుండదు. కాని సోరియాకి మధ్యాహ్నంలోగా పోతుంది. పొద్దున్నే తీసుకెళ్ళు. నీది ఇక్కడ ఉంటుంది."

"తిరిగి తీసుకురాకపోతే?"

"నీ గాడిద తిండి చూశాకా? తప్పకుండా తీసుకురావాలి నువ్వు" అన్నాడు యూసే.

గురువారం మధ్యాహ్నం దాటేసరికి మెన్సియా సోరియాలో పత్రాలు రాసే అధికారి గుమ్మం ముందు ఉంది. నగరం తరఫున సభకి వెళ్ళినవాళ్ళు చట్టాల ప్రతి తెచ్చారని, అది ఆయన దగ్గరే ఉందని బజారులో చెప్పారు. ఆయన ముక్కు మీది అద్దాలు సర్దుకుని ఆమె బురద చెప్పుల వంక చూశాడు.

"ఉంది. నకలు కావాలంటే సోమవారం రా."

"శనివారం మధ్యాహ్నానికి నేను మా ఊళ్ళో ఉండాలి బాబుగారూ."

"అయితే ఈ పాటికే బయలుదేరాల్సింది."

మెన్సియా గుమ్మం మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు. పక్క సత్రంలోని కంచరగాడిదలవాళ్ళకి విషయం తెలిసింది. ఒకడొకడే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. కొందరు పశువుల్ని కూడా తోలుకొచ్చారు. కాసేపటికి ఆ వీధిలో మనిషి నడవడానికి దారి లేదు. పశువులు చేసేదంతా ఆ వీధిలోనే చేశాయి. పొద్దుగుంకుతుండగా మేడ మీది కిటికీ తెరుచుకుంది. అధికారి భార్య తొంగి చూసింది.

"ఏమండీ! ఈ కంపు రాత్రంతా భరించాలా నేను? ఆవిడకేదో రాసివ్వమంటే చెయ్యి అరిగిపోతుందా మీకు?"

"వరస ప్రకారం..."

"ఏమమ్మా, దేనికి నీకా కాగితం?" అని ఆవిడే మెన్సియాని అడిగింది.

మెన్సియా తలెత్తి చెప్పింది. వడగళ్ళ సంగతి, ఓక్ కాయల రొట్టె, తేనుపులొస్తున్నాయని అబద్ధమాడే అత్తగారి సంగతి చెప్పింది. చివరికి కొడవలి పట్టుకుని నిలబడ్డ మొగుడి సంగతీ, విల్లు పట్టుకుని నిలబడ్డ బావల సంగతీ చెప్పింది. అధికారి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పొద్దున్నే రా" అన్నాడు వేరే గొంతుతో. శుక్రవారం ఉదయం ఆయన భోజనం కూడా మానుకుని రాశాడు. ముద్ర తానే నొక్కాడు. నూనెగుడ్డలో చుట్టి ఆమె చేతికిస్తూ, "తడవనీకు. పరిగెత్తు" అన్నాడు.

పరిగెత్తింది. నల్ల గాడిద పొట్టి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. యూసే ఊళ్ళో నాలుగు గంటలు కన్ను మూసి తెలవారక ముందే మళ్ళీ కదిలింది. ఏరు తగ్గింది. శనివారం సూర్యుడు నడినెత్తి మీదికి వస్తుండగా ఆఖరి కొండ ఎక్కి కిందికి చూసింది. వంతెన అవతల కొడవళ్ళ మెరుపు. ఇవతల విలుకాళ్ళ వరస. అప్పుడే మోన్‌ఫ్రియో చర్చి గంట మొదటి దెబ్బ కొట్టింది.

"ఆగండో! ఆగండి!"

గొంతు చాలలేదు. గాడిద డొక్కలో మడమలతో పొడిచింది. కొండవాలులో రాళ్ళు దొర్లుతుంటే వాటి కంటే ముందు ఆమె దొర్లినట్టు వచ్చింది. గంట పన్నెండో దెబ్బ మోగుతుండగా, వంతెన మీద మొదటి అడుగు వేసిన షిమెనోకీ ఇవతలి బాణాలకీ మధ్య ఆ నల్ల గాడిద వచ్చి నిలబడింది. దాని ఒళ్ళంతా నురుగు. మెన్సియా మాట్లాడలేక నూనెగుడ్డ చుట్ట గాలిలోకి ఎత్తి ఊపింది.

బెర్మూదో దాన్ని విప్పాడు. ముద్రని గోటితో గీకి చూశాడు, ఎండకి ఎత్తి చూశాడు. పెదాలు కదుపుతూ చదవబోయి, విసుగు పుట్టి తోర్రెసెకా ఫాదర్ చేతికిచ్చాడు. ఫాదర్ గొంతు సవరించుకుని, అక్షరం వదలకుండా పెద్దగా చదివాడు. రాజూ రాణీ పేర్లు, బిరుదులు, వాళ్ళ రాజ్యాల జాబితా అయ్యేసరికి అందరి కాళ్ళూ పీకాయి. ఆఖరికి ఆ వాక్యం వచ్చింది. ధాన్యం, పశువులు, సరుకులు అరగాన్ రాజ్యాలలోకి స్వేచ్ఛగా పోవచ్చు.

"మళ్ళీ చదవండి ఫాదర్!" అని అవతలి ఒడ్డు అరిచింది. మళ్ళీ చదివాడు.

బెర్మూదో చేతులు రుద్దుకున్నాడు. "మాటంటే మాటే" అని దూలం కింద భుజం పెట్టాడు. అది కదలలేదు. ఇరుసు తుప్పు పట్టి రాయిలో బిగుసుకుంది. ముఖం ఎర్రబడేదాకా ఎత్తాడు, ఊహూ. "చూస్తారేంట్రా నిలబడి?" అని కసిరాడు. ఇవతలి విలుకాళ్ళు విల్లులు కింద పెట్టి వచ్చారు. అవతల షిమెనో కొడవలి నడుముకి దోపి భుజం ఆనించాడు. "మీ వైపు ఎత్తండ్రా కాస్తీల్ గప్పాల్రాయుళ్ళూ!" "ముందు మీరు దాన్ని వదలండి మొండిఘటాల్లారా!" అని అరుచుకుంటూ ఇరవైమంది కలిసి ఒక్క ఊపు ఊపారు. కిర్రుమని మొత్తుకుని, దూలం ఇరుసుతో సహా ఊడి వాగులో పడింది. నీళ్ళు ఎగిరి అందరి మీదా పడ్డాయి. ఆ చప్పుడు విని పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

మొదటి బస్తా తోరిబియో ఇచ్చాడు. కర్ర సాయంతో కుంటుకుంటూ వచ్చి, "దీనికి నా దగ్గర బేరం లేదు. నా వియ్యపురాలికి" అన్నాడు. ఆ తరువాత ఇచ్చేవాళ్ళు ఇచ్చారు, అమ్మేవాళ్ళు అమ్మారు, ధర ఎక్కువ చెప్పినవాళ్ళని పెళ్ళాలే తిట్టి దారికి తెచ్చారు. సాయంత్రంలోగా అరవై బరువులు వంతెన దాటాయి. మోన్‌ఫ్రియో పొయ్యిల నుంచి గోధుమ రొట్టె వాసన లేచినప్పుడు పిల్లలు వీధుల్లో పిచ్చిపట్టినట్టు గెంతారు. గ్రాసియా మొదటి రొట్టె విరిచి కోడలి నోట్లో పెట్టింది. మెన్సియా నమలడం పూర్తికాకుండానే గోడకి ఆనుకుని నిద్రపోయింది. షిమెనో ఆమె నోట్లోంచి మిగతా ముక్క మెల్లిగా తీసి, ఎత్తుకెళ్ళి పడుకోబెట్టాడు. మర్నాడు ఆమె నల్ల గాడిదని యూసేకి అప్పగించి గొలోసాని తోలుకొచ్చింది.

దూలం పోయినంత మాత్రాన రాజ్యాలు ఒకటైపోలేదు. అటు నాణేలు వేరు, ఇటు వేరు. చట్టాలు వేరు, న్యాయస్థానాలు వేరు. బెర్మూదో సరుకు మీద సుంకం యథాప్రకారం వసూలు చేసేవాడు. కాని మెన్సియా, షిమెనో రెండు ఊళ్ళ పశువుల్నీ కలిపి ఒకే బారు కట్టారు. పదేళ్ళలో అది నలభై కంచరగాడిదల బారు అయింది. దక్షిణాన గ్రనడా రాజ్యంతో జరిగిన యుద్ధంలో మూడు వేసవులు దండుకి ఎండు రొట్టె మోశారు. గ్రనడా లొంగిందన్న కబురు రాగానే రెండు చర్చిల గంటలూ పోటీపడి మోగాయి, మెన్సియా వీధిలో తోటివాళ్ళ చేతులు పట్టుకుని నాట్యం చేసింది.

ఆ ఏడాదే యూదులంతా రాజ్యం వదిలిపోవాలన్న ఆజ్ఞ వచ్చింది. దాని కింద కూడా అవే రెండు పేర్లు. మెన్సియా పన్నెండు గాడిదల్ని తోలుకుని యూసే ఇంటికి వెళ్ళింది. అతని సామాన్లూ, మనవల్నీ ఎక్కించి పక్కనున్న నవార్రా రాజ్యం పొలిమేర దాకా నాలుగు రోజులు నడిచింది. "వీళ్ళు ఇలా చేస్తారనుకోలేదు యూసే మామా" అంది విడిపోయేటప్పుడు. "నువ్వు చేయలేదుగా అమ్మా" అన్నాడు ముసలాయన. ఆ తరువాత ఊళ్ళో రాజూ రాణీల గొప్పలు చెప్పుకునేటప్పుడు ఆమె కలిసి కూర్చునేది, వినేది, ముందులా చప్పట్లు మాత్రం కొట్టేది కాదు.

ఏభై రెండేళ్ళ వయసులో, ఉన్ని బరువులతో మొదటిసారి వాలెన్సియా వెళ్ళింది. కొండ మలుపు తిరగ్గానే ఎదురుగా ఆమె ఎన్నడూ చూడని సముద్రం. బారు మొత్తాన్ని దారిలోనే వదిలేసి, చెప్పులు విసిరేసి, నెరిసిన జుట్టు ఎగురుతుండగా పరిగెత్తింది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, దోసిలితో తీసుకుని రుచి చూసి ఉమ్మేసింది.

"షిమెనో! ఉప్పయ్యా! మొత్తం ఉప్పే! నువ్వూ రా!"

"నాకు ఈత రాదు" అన్నాడు షిమెనో ఒడ్డు మీద నుంచి.

"నాకు మాత్రం వచ్చేమిటి?" అని నవ్వుతూ ఆమె ఇంకో నాలుగడుగులు లోపలికి వేసింది.